గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నా మంట తగ్గట్లేదా? ఎప్పుడు, ఎలా, ఎన్నాళ్ళు వాడాలో చూడండి

విశాఖ గాజువాకలో మందుల షాపు కౌంటర్ దగ్గర ఉండే నాకు సాయంత్రం అయ్యేసరికి తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "ఏటండీ, గ్యాస్ బిళ్ళ వేస్తూనే ఉన్నాను, మంట తగ్గట్లేదు. వేరే కంపెనీది ఇవ్వండి." కంపెనీ మార్చి ఇవ్వడం నిమిషం పని. కానీ ఎప్పుడు వేసుకుంటున్నారని అడిగితే "అన్నం తిన్నాకే కదండీ" అంటారు. కొందరు మంట వచ్చిన రోజు వేసుకుని, రాని రోజు మానేస్తారు. ఇంకొందరు ఎప్పటిదో పాత చీటీ పట్టుకుని ఇప్పటికీ అదే బిళ్ళ కొంటుంటారు. ఈ మందుల విషయంలో మందు తప్పు కంటే వేళ తప్పు, గడువు తప్పు ఎక్కువ. రోజూ ఒక్కొక్కరికి చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఇది పెద్దవాళ్ళ కోసం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ లేదా లివర్ జబ్బు ఉన్నవాళ్ళు ఇది చదివి సొంతంగా ఏదీ మొదలుపెట్టవద్దు. చిన్నపిల్లలకూ అంతే. మిగిలినవాళ్ళకు కూడా ఇది డాక్టర్ రాసిన మందును సరిగ్గా వాడుకోవడానికే. షీటు మీద ఎర్ర గీత ఉందంటే అది డాక్టర్ చీటీ మీదే వాడాల్సిన మందు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇప్పుడు మీరు వాడుతున్న మందులన్నీ, షీట్లతో సహా. బీపీ, షుగర్, థైరాయిడ్, గుండె, కీళ్ళ నొప్పుల మందులు, ఐరన్, కాల్షియం. ఆయుర్వేదం పొడులు కూడా.
- డాక్టర్ చీటీ, ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష) రిపోర్టు ఉంటే అది.
- ఒక మార్కర్ పెన్ను, గోడ క్యాలెండర్.
- ఫోన్‌లో ఉదయానికి ఒక అలారం.

1. ముందు ఇది గ్యాసేనా అని తేల్చుకోండి

ఛాతీ మధ్యలో మంట, పుల్లటి తేన్పులు, వంగినా పడుకున్నా గొంతులోకి పులుపు నీళ్ళు రావడం, ఇవి యాసిడ్ పైకి తన్నుతున్న లక్షణాలు. బొడ్డుకు పైన, ఆకలేసినప్పుడో అర్ధరాత్రో నొప్పి లేపుతుంటే అల్సర్, అంటే పుండు అయ్యే అవకాశం ఉంది. లక్షణాలు చూసి పుండు ఉందో లేదో చెప్పలేం. ఎండోస్కోపీ చేస్తేనే తెలుస్తుంది.

ఛాతీలో బరువు పెట్టినట్టు బిగుతు, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చెమటలు, ఆయాసం ఉంటే ఈనో కలుపుకుని కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు, పెద్దవయసు వాళ్ళకు గుండెపోటు పెద్ద నొప్పి లేకుండా వట్టి వికారం, ఆయాసం, పొట్ట పైభాగంలో పట్టేసినట్టుగా కూడా రావచ్చు. ఈసీజీ తీశాక "గ్యాసేనండీ" అని ఇంటికి పంపిస్తే మీకు పోయేదేమీ లేదు. తీయించుకోకపోతే పోయేది ప్రాణం.

ఇవి కనిపిస్తే మందుల షాపుకి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి:

- విరేచనం తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో రావడం. ఐరన్ బిళ్ళలకూ మలం నల్లబడుతుంది కానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. తేడా తెలియకపోతే చూపించుకోవడమే.
- వాంతిలో రక్తం, లేదా కాఫీ పొడిలాంటి ముదురు రంగు నలకలు.
- పై కడుపులో ఒక్కసారిగా తట్టుకోలేని నొప్పి వచ్చి పొట్ట బిగుసుకుపోవడం. పుండు చిల్లు పడి ఉండొచ్చు, ఆపరేషన్ దాకా వెళ్ళే వ్యవహారం.

ముద్ద గొంతులో అడ్డుపడుతుంటే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, రక్తం తక్కువగా ఉందని రిపోర్టు వస్తే, వాంతులు ఆగకపోతే, లేదా 50 దాటాక జీవితంలో మొదటిసారి ఈ మంట మొదలైతే, బిళ్ళలతో నెట్టుకురావద్దు. ఎండోస్కోపీ చేయించుకోండి. విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో గ్యాస్ట్రో విభాగం ఉంది. పరీక్షకు ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. గొంతు మొద్దుబారడానికి స్ప్రే కొడతారు, మామూలుగా పది నిమిషాల్లోపు అయిపోతుంది. పేరు వినగానే జనం పెట్టుకునే టెన్షన్‌లో పావు వంతు కూడా ఉండదు.

2. షీటు వెనక్కి తిప్పి అసలు మందు పేరు చదవండి

ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్నే చూడాలి.

గ్యాస్‌కు రాసిన మందు పేరు "ప్రజోల్" అని ముగిస్తే అది యాసిడ్ తయారీనే తగ్గించే మందు. ఒమెప్రజోల్ 20, పాంటొప్రజోల్ 40, రాబెప్రజోల్ 20, ఎసోమెప్రజోల్ 40, లాన్సోప్రజోల్ 30 మిల్లీగ్రాములు మామూలుగా రాసే మోతాదులు. పుండు మానాలన్నా, రోజూ వచ్చే మంట తగ్గాలన్నా ప్రధానంగా వాడేవి ఇవే. వీటి మధ్య తేడా చాలా కొద్ది. సరైన వేళకు వేసుకోకుండా ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ పోతే డబ్బు ఖర్చు తప్ప ఏమీ రాదు. జన్ ఔషధి కేంద్రంలో ఇవే మందులు బ్రాండు ధర కంటే బాగా తక్కువకు దొరుకుతాయి, పని కూడా అదే చేస్తాయి.

ఇక్కడ ఒక తప్పు తరచూ చూస్తాను. కడుపు డాక్టర్ పాంటొప్రజోల్ రాస్తారు. మోకాళ్ళ డాక్టర్ తన మందులతో పాటు రాబెప్రజోల్ రాస్తారు. ఇంటికెళ్ళి రెండూ వేసుకుంటారు. రెండూ ఒకే పని చేసే మందులు, ఒకటి చాలు. ఏది ఉంచాలో డాక్టర్‌ని అడిగి రెండోది పక్కన పెట్టండి.

ఫామొటిడిన్ వేరే జాతి. గంటలోపు పని మొదలుపెడుతుంది, రాత్రి మంటకు బాగుంటుంది. రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లో ఒంటికి అలవాటై బలం తగ్గుతుంది. అందుకని అవసరానికి వాడే మందుగా పనికొస్తుంది. దీని పాత చుట్టం రానిటిడిన్ మన ఇళ్ళలో ఇప్పటికీ డబ్బాల్లో కనిపిస్తుంది. అందులో క్యాన్సర్ కారకంగా అనుమానించే ఎన్‌డీఎంఏ అనే మలినం తేలడంతో 2020 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. 2022లో మన కేంద్ర ప్రభుత్వం కూడా అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి తప్పించింది. ఇంట్లో పాత షీటు ఉంటే పారేయండి.

డైజీన్, జెలుసిల్ లాంటి యాంటాసిడ్లు ఉన్న యాసిడ్‌ని విరిచేస్తాయి. నిమిషాల్లో హాయి, గంటో రెండు గంటలో ఉంటుంది. వీటి మీదే బతుకుతూ అల్సర్ మానుతుందనుకోవద్దు. ఈనోలో సోడియం ఎక్కువ, కాబట్టి బీపీ, గుండె జబ్బు, కాళ్ళ వాపు ఉన్నవాళ్ళు దాన్ని అలవాటు చేసుకోకూడదు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న సిరప్‌లు కిడ్నీ రోగులకు పనికిరావు.

సుక్రాల్ఫేట్ పుండు మీద పూతలా అతుక్కుంటుంది. తినడానికి గంట ముందు ఖాళీ కడుపున వేసుకోవాలి. మలబద్ధకం చేస్తుంది. మిగతా మందులకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి.

ఇక మన ఊళ్ళో అసలు గొడవ పేరు చివర "డి" తగిలించుకున్న క్యాప్సూల్‌తో. జనానికి గ్యాస్ బిళ్ళ అంటే అదే. అందులో పాంటొప్రజోల్ 40తో పాటు మెల్లగా విడుదలయ్యే డాంపెరిడోన్ 30 మిల్లీగ్రాములు ఉంటుంది. డాంపెరిడోన్ వాంతులు, వికారం తగ్గించే మందు. వట్టి మంటకు చాలామందికి దాని అవసరమే లేదు. గుండె కొట్టుకునే లయను తేడా చేసే గుణం ఉందని 2014లో ఐరోపా మందుల సంస్థ దాన్ని వాంతులు, వికారాలకే, మామూలుగా వారానికి మించకుండా వాడమంది. మనవాళ్ళేమో నెలలు, ఏళ్ళు వాడేస్తున్నారు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ఫంగస్‌కు ఫ్లూకొనజోల్ గానీ, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ గానీ వాడుతున్నవాళ్ళు దీనికి దూరంగా ఉండాలి. కొందరికి రొమ్ముల్లో పాలు రావడం, నెలసరి తప్పడం కూడా జరుగుతుంది. లెవోసల్పిరైడ్ కలిపిన క్యాప్సూల్ అయితే పెద్దవాళ్ళకు చేతులు వణకడం, నడక మందగించడం తేవచ్చు. "నాన్నగారికి కొత్తగా వణుకు మొదలైంది" అని ఎవరైనా అంటే నేను ముందు గ్యాస్ బిళ్ళ షీటు చూపించమంటాను. మీరు చేయాల్సింది ఒక్కటే. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు "నాకు వాంతులు లేవు, వట్టి పాంటొప్రజోల్ సరిపోతుందా?" అని అడగండి.

3. వేళ: టిఫిన్‌కు ముప్పావు గంట ముందు

ప్రజోల్ జాతి బిళ్ళ పరగడుపున, టిఫిన్‌కు 30 నుంచి 60 నిమిషాల ముందు, మామూలు మంచినీళ్ళతో. కడుపులో యాసిడ్ పంపులు తిండి పడగానే పనిలోకి దిగుతాయి. అప్పటికి మందు రక్తంలో సిద్ధంగా ఉంటేనే వాటిని ఆపగలదు. తిన్నాక వేసుకుంటే ఆ పంపులు పని ముగించుకుని వెళ్ళాక మందు చేరుతుంది.

ఉదాహరణకు 6:30కి లేచారు. ముఖం కడుక్కుని బిళ్ళ, నీళ్ళు. 7:15కి ఇడ్లీయో పెసరట్టో. కాఫీ, టీ కూడా అప్పుడే. లేవగానే కాఫీ తాగి, దాని మీద బిళ్ళ వేసుకోవడం మన దగ్గర మామూలు. ఆ వరస తిప్పండి.

దీనికి ఎదురు తప్పు ఇంకోటుంది. పరగడుపున అన్నారని ఆరింటికే బిళ్ళ వేసుకుని, పనుల్లో పడి పదకొండింటికి తింటారు. ఈ మందు రక్తంలో ఎక్కువసేపు ఉండదు. తిండి వచ్చేసరికి అది వెళ్ళిపోయి ఉంటుంది. శనివారం, కార్తీక సోమవారం ఉపవాసాలు ఉండేవాళ్ళు ఆ రోజు మొదటిసారి తినే వేళకు అరగంట ముందు వేసుకోండి.

రెండు పూటలా రాస్తే రెండోది రాత్రి భోజనానికి అరగంట ముందు, పడుకునే ముందు కాదు. ఉదయం మర్చిపోతే తర్వాతి భోజనానికి ముందు వేసుకోండి. రెండు కలిపి మాత్రం వేసుకోవద్దు.

నమలొద్దు, చితక్కొట్టొద్దు. పైన ఉన్న పూత కడుపులోని యాసిడ్ నుంచి మందును కాపాడటానికే. మింగలేని పెద్దవాళ్ళకు చాలామంది రోకలితో నూరి పాలలో కలిపి ఇస్తారు. అలా ఇస్తే మందు పేగు దాకా చేరకుండానే పాడవుతుంది. గుళికలున్న క్యాప్సూల్ కొన్నింటిని విప్పి, గుళికలు నలగకుండా ఒక చెంచా నీళ్ళలో ఇవ్వొచ్చు. మీది ఆ రకమో కాదో షాపులో అడిగి తెలుసుకోండి.

మొదటి రోజే అద్భుతం జరగదు. పూర్తి బలం రావడానికి 3 నుంచి 5 రోజులు పడుతుంది. ఆలోగా మంట వేస్తే డైజీన్ లాంటిది మధ్యలో వాడుకోవచ్చు. "రెండు రోజులు వేశాను, పని చేయలేదు" అని మానేసేవాళ్ళు సరిగ్గా మందు అందుకునే వేళకి వదిలేస్తున్నారు.

4. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకు

మా వైపు స్టీల్ ప్లాంటు వాళ్ళు, ఫార్మా కంపెనీల వాళ్ళు, పోర్టు వాళ్ళు ఎక్కువ. "మాకు ఉదయం పరగడుపు అంటే ఏ ఉదయమండీ?" అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. గడియారం చూడకండి, ఖాళీ కడుపు చూడండి. మీరు ఎక్కువసేపు ఏమీ తినకుండా ఉండి, ఆ తర్వాత తినే మొదటి పెద్ద భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. సి షిఫ్టు చేసి పొద్దున్నే ఇంటికొచ్చి పడుకుని మధ్యాహ్నం రెండింటికి లేచేవాళ్ళకు, లేచిన వెంటనే బిళ్ళ, మూడింటికి అన్నం. వారం వారం షిఫ్టు మారినా సూత్రం ఇదే. మారే రోజున మాత్రం రెండు బిళ్ళల మధ్య మరీ దగ్గర కాకుండా చూసుకుంటే చాలు.

నైట్ దిగి వచ్చి కడుపునిండా పూరీ తిని వెంటనే నడుం వాల్చే అలవాటు ఉంటే ఏ బిళ్ళా మిమ్మల్ని కాపాడదు. తినడానికీ పడుకోడానికీ మధ్య మూడు గంటలు ఉండాలంటారు. షిఫ్టు మనిషికి అది కుదరదు కాబట్టి, వచ్చాక రెండు ఇడ్లీలతో సరిపెట్టి, పెద్ద భోజనం లేచాక పెట్టుకోండి. మంచం తలవైపు కోళ్ళ కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తున చెక్కలో ఇటుకలో పెట్టండి. దిండ్లు దొంతర పెడితే మెడ, పొట్ట వంగి మంట పెరుగుతుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం కూడా చాలామందికి పని చేస్తుంది.

5. మిగతా మందులతో గొడవ రాకుండా

థైరాయిడ్ బిళ్ళ కూడా పరగడుపునే కదా, రెండూ ఎలా అని ఆడవాళ్ళు ఎక్కువగా అడుగుతారు. లేవగానే థైరాయిడ్ బిళ్ళ. అరగంట తర్వాత ప్రజోల్. ఇంకో అరగంటకు టిఫిన్. ఇంత లెక్క కుదరదనుకుంటే ప్రజోల్‌ని రాత్రి భోజనానికి ముందుకు మార్చమని డాక్టర్‌ని అడగొచ్చు. ఎలా వేసుకున్నా, యాసిడ్ తగ్గితే థైరాయిడ్ మందు ఒంటికి తక్కువ పడుతుంది. కాబట్టి ప్రజోల్ మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఒకసారి చూపించుకోండి. యాంటాసిడ్ సిరప్, కాల్షియం, ఐరన్ మాత్రం థైరాయిడ్ బిళ్ళకు నాలుగు గంటల దూరంలో ఉండాలి.

స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వాడుతుంటే ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ వద్దు. అవి దాని పనిని తగ్గిస్తాయి. పాంటొప్రజోల్ మేలు. ఇది షాపులో "ఏదో ఒకటి ఇచ్చేయండి" అనే చోట జరిగే ప్రమాదం, అందుకే గుండె మందుల చీటీ చూపించమంటాం.

సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వాడేటప్పుడు వాటి మీద డైజీన్ తాగితే యాంటీబయాటిక్ సగం వృథా. కనీసం రెండు గంటల ముందు యాంటీబయాటిక్ వేసేసుకోండి.

విశాఖ ఉక్కపోతకు తామర బాగా ఎక్కువ. దానికి రాసే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి. గ్యాస్ బిళ్ళ వేసుకుంటూ అది వాడితే తామర తగ్గదు, తప్పు చర్మం డాక్టర్ మీదకి పోతుంది. ఆయనకి ముందే చెప్పండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, దానితో పాటు ప్రజోల్ ఏళ్ళ తరబడి వాడుతుంటే అరికాళ్ళ తిమ్మిర్లు వచ్చేదాకా ఆగకుండా బీ12 పరీక్ష చేయించుకోండి.

6. పెయిన్ కిల్లర్ మానకుండా పుండు మానదు

"ఒళ్ళు నొప్పులకు రెండు సెట్లు ఇవ్వండి" అని అడగడం మనకి మామూలైపోయింది. ఆ సెట్టులో సాధారణంగా డైక్లోఫెనాక్ గానీ, ఏసిక్లోఫెనాక్ గానీ, ఇబుప్రోఫెన్ గానీ ఉంటుంది. కడుపులో పుండు పడటానికి పెద్ద కారణాలు రెండు. ఒకటి ఈ మందులు, రెండోది కింద చెప్పబోయే బాక్టీరియా. ఆవకాయ, మిరపకాయ బజ్జీ పుండును పుట్టించవు. ఉన్న మంటను ఎగదోస్తాయంతే. ఆర్కే బీచ్‌లో బజ్జీలు తినడం మానేసి, మోకాళ్ళ నొప్పికి రోజూ ఈ బిళ్ళ మింగేవాళ్ళు మానాల్సింది వదిలేసి వేరేదానికి పథ్యం చేస్తున్నారు.

సెట్టులో గ్యాస్ బిళ్ళ కూడా పెట్టారు కదా అని ధీమా వద్దు. అన్నం తిన్నాక రెండూ కలిపి వేసుకుంటే అది పూర్తిగా కాపాడదు. ఇంజెక్షన్‌గా తీసుకుంటే కడుపుకి ఏమీ కాదనుకోవడం కూడా పొరపాటే. ఈ మందులు రక్తం ద్వారా కూడా కడుపు పొరను దెబ్బతీస్తాయి.

నొప్పికి పారాసెటమాల్ కడుపుకు మేలు, మోతాదు మించకుండా. కీళ్ళవాతానికి ఈ మందులు తప్పవంటే, వాటిని వాడినన్నాళ్ళూ ప్రజోల్ ఉదయం వేళకు ఉండాలి. ఒకటి గట్టిగా చెప్పాలి. గుండెకు రాసిన యాస్పిరిన్ 75ని మంట వస్తోందని మీ అంతట మీరు ఆపొద్దు, గుండెపోటు రావచ్చు. రాసిన డాక్టర్‌నే అడగండి.

సిగరెట్, బీడీ, చుట్ట పుండు మానడాన్ని ఆలస్యం చేస్తాయి. మన తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు తాగే అడ్డపొగ (వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం) కూడా పొగే. అమ్మమ్మ చుట్ట గురించి డాక్టర్‌కి చెప్పడానికి ఇంట్లోవాళ్ళు మొహమాటపడతారు. చెప్పండి.

7. హెచ్. పైలోరీ: పరీక్షా, కోర్సూ రెండూ పూర్తిగా

అల్సర్ ఉందని తేలిన ప్రతివాళ్ళూ హెచ్. పైలోరీ అనే ఈ బాక్టీరియా పరీక్ష చేయించుకోవాలి. టెన్షన్ వల్ల, కారం వల్ల పుండ్లు పడతాయనుకునే రోజుల్లో ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ బాక్టీరియాను పట్టుకున్నారు. నమ్మనివాళ్ళ కోసం మార్షల్ 1984లో ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగేశాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు.

పరీక్ష ఎండోస్కోపీలో ముక్క తీసి చేయొచ్చు, మలంతో చేయొచ్చు, ఊపిరితో చేయొచ్చు. రక్తపరీక్ష ఒకప్పుడు వచ్చి పోయిందానికీ పాజిటివ్ చూపిస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు, ప్రజోల్ వేసుకుంటూనే పరీక్షకు వెళ్ళడం. బాక్టీరియా ఉన్నా లేదని వస్తుంది. పరీక్షకు రెండు వారాల ముందు ప్రజోల్, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్‌లు, బిస్మత్ అనే కడుపు మందు ఆగి ఉండాలి. రక్తస్రావం అయిన అల్సర్ అయితే మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఏదీ ఆపకండి.

ఉందని తేలితే రెండు మూడు యాంటీబయాటిక్‌లు, రెండు పూటలా ప్రజోల్, ఒక్కోసారి బిస్మత్, సాధారణంగా 14 రోజులు. ఏ కలయిక అనేది డాక్టర్ నిర్ణయం. మన దేశంలో క్లారిత్రోమైసిన్‌కు ఈ బాక్టీరియా చాలాచోట్ల లొంగడం లేదు కాబట్టి పక్కింటివాళ్ళ కిట్ మీకు పనికిరాకపోవచ్చు. పెన్సిలిన్ పడదంటే ముందే చెప్పండి, ఇందులో అమాక్సిసిలిన్ ఉండొచ్చు.

వాడేటప్పుడు నోట్లో ఇనుము రుచి, వికారం, కాస్త విరేచనాలు వస్తాయి. బిస్మత్ ఉంటే నాలుక, మలం నల్లబడతాయి, కంగారు పడొద్దు. మెట్రోనిడజోల్ గానీ, టినిడజోల్ గానీ ఉంటే మందు ముట్టొద్దు, అంటే మద్యం. కోర్సు అయ్యాక కూడా మూడు రోజులు ఆగండి. ఐదో రోజుకి హాయిగా ఉందని ఆపేస్తే మిగిలిన బాక్టీరియా మొండిదై తిరిగొస్తుంది, రెండోసారి చంపడం కష్టం. ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, ముఖం వాచినా అప్పుడు ఆపి ఆసుపత్రికి పరిగెత్తండి.

పోయిందో లేదో ఒంట్లో హాయిని బట్టి తెలియదు. కోర్సు ముగిసిన నాలుగు వారాల తర్వాత మలం పరీక్షో ఊపిరి పరీక్షో మళ్ళీ చేయించుకోవాలి. ఈ ఒక్క పని నూటికి తొంభై మంది వదిలేస్తారనిపిస్తుంది, కౌంటర్ ఇవతల నుంచి చూస్తే.

8. డబ్బా మీద తారీఖు వేసి, ఫలితం చూసుకోండి

మార్కర్ పెన్ను ఇందుకే. మొదలుపెట్టిన తారీఖు, ఆపాల్సిన తారీఖు డబ్బా మీద రాయండి. యాసిడ్ మంటకు మామూలుగా 8 వారాలు. పేగు మొదట్లో పడే డ్యుయోడినల్ అల్సర్‌కు 4 నుంచి 8 వారాలు. కడుపులో పుండుకు 8 వారాల దాకా. మీ చీటీలో వేరేలా ఉంటే అదే పాటించండి.

రోజూ పడుకునే ముందు క్యాలెండర్ గడిలో, మంట వస్తే ఒక చుక్క, రాత్రి నిద్ర లేపితే రెండు చుక్కలు, సిరప్ తాగాల్సి వస్తే ఒక గీత పెట్టండి. రెండు వారాలకు చుక్కలు సగానికి తగ్గాలి. సరైన వేళకు వేసుకున్నా తగ్గకపోతే ఆ పేజీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. "ఏదో బాలేదండీ" అనే మాట కంటే ఆ పేజీ ఎక్కువ చెబుతుంది. మోతాదు పెంచడమా, వేరే జబ్బు వెతకడమా అనేది అప్పుడు తేలుతుంది. వోనోప్రజాన్ అని తిండి వేళతో పని లేని కొత్త మందు ఒకటి వచ్చింది, కావాలంటే అదీ వాళ్ళే రాస్తారు.

కడుపులో పుండు ఉన్నవాళ్ళు నొప్పి పోయినా మళ్ళీ ఎండోస్కోపీ ఎప్పుడని అడగండి. క్యాన్సర్ పుండు కూడా ఈ బిళ్ళలకు కొంతకాలం నొప్పి తగ్గినట్టు నటిస్తుంది.

9. ఆపడం

గడువు అయ్యాక ఆపితే కొందరికి కొన్ని రోజులకు మంట మునుపటికంటే ఎక్కువగా వస్తుంది. "చూశారా, ఇది లేకపోతే బతకలేను" అని మళ్ళీ మొదలుపెడతారు. చాలాసార్లు అది జబ్బు తిరగబెట్టడం కాదు. ఇన్నాళ్ళు అణిచిపెట్టిన యాసిడ్ ఒక్కసారిగా ఎగదన్నడం, రెండు వారాలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. దాన్ని దాటడానికి ఒక దారి ఇది: మోతాదు సగం చేసి (బిళ్ళ విరిచి కాదు, సగం బలం ఉన్న బిళ్ళతో) రెండు వారాలు, తర్వాత రోజు విడిచి రోజు రెండు వారాలు, తర్వాత ఆపి, మంట వచ్చిన రోజు మాత్రం ఫామొటిడిన్ లేదా సిరప్. నెల దాటినా వారంలో రెండు మూడు రోజులు మంట వస్తుంటే అప్పుడు డాక్టర్‌ని కలవండి. చల్లటి పాలు అప్పటికి హాయినిస్తాయి కానీ కాసేపటికి యాసిడ్‌ని పెంచుతాయి, వాటి మీద ఆధారపడొద్దు.

అందరూ ఆపకూడదు. అన్నవాహికలో తీవ్రమైన పుండ్లు ఉన్నవాళ్ళు, బారెట్స్ అని రిపోర్టులో రాసి ఉన్నవాళ్ళు, అల్సర్ నుంచి రక్తం పోయిన చరిత్ర ఉండి యాస్పిరిన్ వాడుతున్నవాళ్ళు దీర్ఘకాలం వాడాల్సిందే. వాళ్ళకి వచ్చే లాభం ముందు మెగ్నీషియం, బీ12 తగ్గడం, ఎముకలు పలచబడటం లాంటి భయాలు చిన్నవి. ఏడాదికోసారి పరీక్షలు చేయించుకుంటే చాలు.

మిగిలిన షీటును ఏం చేయాలని కూడా అడుగుతారు. బిళ్ళల్ని షీటులోంచి ముందే తీసి డబ్బాలో పోసుకోవద్దు, మన సముద్రపు గాలి తేమకు పూత మెత్తబడుతుంది. బాత్రూమ్ అద్దం వెనక అర, వంటింటి కిటికీ గట్టు కాకుండా బీరువాలో పెట్టండి. కత్తిరించేటప్పుడు ఎక్స్‌పైరీ తారీఖు ఉన్న వైపు చివరిదాకా ఉంచుకోండి.